చెరకు, పింఛను, ఓటు: చోడవరం డైరీ

మార్చి 17, 2024, ఆదివారం

నిన్న ఎన్నికల తేదీలు చెప్పారు. మనకి మే 13. పొద్దున్న బస్టాండు దగ్గర టీ కొట్టులో అప్పుడే ఎవరికెన్ని సీట్లో తేల్చేస్తున్నారు. ఎవరి లెక్కా పథకాలు దాటి పోవడం లేదు. ఇంతమందికి డబ్బు పడింది, కాబట్టి ఇన్ని ఓట్లు. ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కదా, నన్నూ లాగారు. "డబ్బుకీ ఓటుకీ సంబంధం ఉన్నట్టా, లేనట్టా మాస్టారూ?" అని. ఉంది, మీరనుకునే దారిలో మాత్రం లేదు అన్నాను. విడమరచి చెప్పేలోగా వాళ్లు జనసేన పొత్తు కబుర్లలోకి వెళ్లిపోయారు. ఆ చెప్పనిది ఇక్కడ రాసుకుంటే నష్టం లేదు.

మా ఊరు అనకాపల్లి జిల్లాలో చేరి రెండేళ్లు కావస్తోంది. చిరునామా రాసేటప్పుడు మాత్రం నా చెయ్యి ఇంకా విశాఖపట్నం జిల్లా అనే రాస్తుంది.

ఏప్రిల్ 4, గురువారం

వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఉత్తర్వు ఇచ్చింది. నాలుగేళ్లుగా తెల్లారేసరికి గుమ్మంలోకొచ్చి ఇచ్చే డబ్బు కోసం ఇప్పుడు సచివాలయానికి వెళ్లాలి. ఎండ మండిపోతోంది. మా వీధి మామ్మని మనవడు స్కూటీ మీద తీసుకొచ్చి షామియానా కింద కూర్చోబెట్టాడు. వేలిముద్ర ఒక పట్టాన పడలేదు. కొంగుతో వేలు తుడుచుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ తుడుచుకుని, చివరికి 3,000 చేతిలో పడ్డాక ఒక్కో నోటూ వెలుతురుకి పెట్టి చూసుకుంది.

"ఎవరిచ్చినట్టు మామ్మా?" అన్నాను.

"ఎవులిచ్చినా గవర్నమెంటు డబ్బే కదేటి బాబూ. ఆళ్ల ఇంట్లోంచి ఇస్తన్నారేటి?"

రెండు పార్టీలవాళ్లూ వినాల్సిన మాట. పింఛను చరిత్ర చూస్తే 200 ఉన్నదాన్ని 2014 అక్టోబరులో చంద్రబాబు 1,000 చేశాడు. 2019 ఎన్నికల ముందు 2,000 చేశాడు. డ్వాక్రా మహిళలకి పసుపు-కుంకుమ కింద 10,000 చొప్పున ఇచ్చాడు. 23 సీట్లొచ్చాయి. జగన్ మెట్టు మెట్టుగా 2,250, 2,500, 2,750, ఈ జనవరికి 3,000 చేశాడు. అతనికి ఎన్నొస్తాయో చూద్దాం.

మొదటి ఏడాది అది ఫలానావాడు ఇచ్చినది. మూడో ఏడాదికి నాకు రావాల్సినది. ఇది కృతజ్ఞత లేకపోవడం కాదు. పింఛను హక్కు అని మామ్మకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఏప్రిల్ 9, ఉగాది

క్రోధి నామ సంవత్సరం. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లొచ్చాం. పంచాంగ శ్రవణంలో రాశుల వారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చెప్తుంటే నవ్వొచ్చింది. ఎన్నికల సర్వేలవాళ్లు ఇన్ని కోట్లు తీసుకుని తేల్చేదీ ఈ నాలుగు కాలమ్‌లే. పైగా పంతులుగారు తన రాశికి కూడా చదివి, వ్యయమే ఎక్కువని ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 14, ఆదివారం

మా పాత విద్యార్థి ఒకడు వడ్డాది వైపు రైతు. బీఎన్ రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ బండి మీద వచ్చాడు. చొక్కా అంతా ఎర్ర దుమ్ము. తాతల నాటి నుంచి చెరకు. ఈసారి సగం పొలంలో సరుగుడు పెట్టాడట.

"చెరుకేసి ఏటి సెయ్యమంటారు మాస్టారూ? నరకడానికి మనిసి దొరకడు. దొరికినా ఆడి కూలికీ బండి కిరాయికీ సరి. సరుగుడైతే దానంతటది పెరుగుతాది. కొన్నోడే వొచ్చి కొట్టుకుపోతాడు."

మరి ఈ కోపం ఎవరి మీద అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. అంత ఆలోచించాల్సి రావడమే అసలు సంగతి.

చెరకు ధర కట్టేది ఢిల్లీ. రానున్న సీజనుకి క్వింటాలు 340 అని ఫిబ్రవరిలో ప్రకటించారు. అది చక్కెర రికవరీ 10.25 శాతం ఉన్న చెరకుకి. 9.5, అంతకన్నా తక్కువ వచ్చే చోట 315 రూపాయల 10 పైసలు. ఆ ధర చెల్లించాల్సింది ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ సహకార సంఘానిది, అంటే కాగితం మీద రైతులదే. దానికి అప్పు పుట్టాలంటే రాష్ట్రం హామీ ఉండాలి. ఫ్యాక్టరీ అమ్ముకునే చక్కెరకి కనీస ధర కట్టేది మళ్లీ ఢిల్లీయే. 2019 ఫిబ్రవరిలో కిలో 31 చేశారు, అది ఇప్పటికీ కదల్లేదు. 2018-19లో క్వింటాలు 275 ఉన్న చెరకు మాత్రం 340కి వచ్చింది. కొనే ధర ఒకరు పెంచి, అమ్మే ధర అక్కడే ఉంచి, మధ్యలో నష్టం నీదేనంటే ఏ సహకార సంఘం నిలబడుతుంది?

తుమ్మపాల ఫ్యాక్టరీ పోయింది. ఏటికొప్పాక, తాండవ ఆగిపోయాయి. జిల్లాలో ఇప్పుడు ఆడుతున్నది మా గోవాడ ఒక్కటే. అక్కడా బకాయిల కోసం రైతులు రోడ్డెక్కారన్న వార్త పేపర్లో మామూలైపోయింది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, తోలిన 14 రోజుల్లో డబ్బివ్వాలి. ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ ముట్టిన రైతు నాకింతవరకు తారసపడలేదు.

వెళ్లేటప్పుడు అన్నాడు: "ఓటెవులికేసినా దీనికి మందు లేదు మాస్టారూ." ఇక్కడి చెరకు రైతు తీర్పు ఈవీఎంలో వెతికితే దొరకదు. పొలంలో సరుగుడు మొక్కలు లెక్కపెట్టుకోవాలి.

ఏప్రిల్ 15

నిన్నటి సంభాషణ వదల్లేదు. బీరువాలో పాత నోట్సు తీశాను. మైకేల్ లూయిస్-బెక్ 1988లో పశ్చిమ యూరప్ దేశాల మీద పుస్తకం రాశాడు. ఓటరు తన జేబు కన్నా దేశం ఆర్థికంగా ఎలా ఉందన్నది చూసి ఓటేస్తాడని తేల్చాడు. 1993లో పావెల్, విట్టెన్ ఇంకో మెట్టెక్కారు. బాధ్యుడెవరో స్పష్టంగా కనిపించే దేశాల్లోనే ఆర్థిక దుస్థితికి పాలకులు శిక్ష పొందుతారు, నలుగురైదుగురు కలిసి ఏలే చోట జనానికి ఎవరిని కొట్టాలో తెలియదు అని. మా వడ్డాది రైతుకి వాళ్ల పేర్లు తెలీవు. ఆ రెండో మాట మాత్రం నాకు వాడే పాఠం చెప్పినట్టు చెప్పాడు.

యూరప్‌లో చక్కెరదీ ఇదే కథ. అక్కడ చెరకు బదులు బీటు దుంప. 2006లో యూరోపియన్ యూనియన్ చక్కెర ధరని 36 శాతం తగ్గించేలా సంస్కరణ తెచ్చింది. ఐర్లండ్‌లో కార్లో ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది, 2006లో మాలో కూడా మూశారు. దేశంలో చక్కెర పరిశ్రమే లేకుండా పోయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో పాలక ఫియానా ఫాయిల్‌కి ఏమీ కాలేదు, మళ్లీ గద్దెనెక్కింది. నిర్ణయం బ్రసెల్స్‌ది కదా! ఆ తర్వాత బ్యాంకులు కూలి, ఆ నష్టం జనం నెత్తిన పడ్డప్పుడు మాత్రం ఎవరి పని ఇది అని అడగక్కర్లేకపోయింది. 2011లో ఆ పార్టీకి మిగిలినవి 20 సీట్లు.

ఏప్రిల్ 30, మంగళవారం

రెండు మ్యానిఫెస్టోలూ వచ్చేశాయి. పింఛను 3,500 చేస్తామంది వైసీపీ. అదీ 2028 జనవరిలో 250, 2029 జనవరిలో 250. టీడీపీ కూటమి 4,000 అంది, ఈ ఏప్రిల్ నుంచే లెక్క కట్టి ఇస్తామంది. మా ఆవిడ రెండూ చదివి, వైసీపీది చూపించి, "ఈయన నిజం చెప్పినట్టున్నాడు, పాపం" అంది. ఆవిడ ఓటు ఎవరికో ఇంతవరకు నాకు చెప్పలేదు.

పోలండ్ గుర్తొచ్చింది. లా అండ్ జస్టిస్ పార్టీ 2016 ఏప్రిల్‌లో పిల్లల భత్యం నెలకి 500 జ్లోటీలు మొదలుపెట్టింది. మన అమ్మ ఒడి లాంటిదే అనుకోండి. 2019లో 43 శాతం పైగా ఓట్లతో గెలిచింది. కిందటి అక్టోబరు ఎన్నికలకి ముందు భత్యం 800 చేస్తామని చట్టమే తెచ్చింది. ఓట్లు 35 శాతానికి దిగాయి. పెద్ద పార్టీగా నిలిచి కూడా అధికారం పోయింది. ఇచ్చినదానికి ఒకసారి ఓటేశారు. అదే చేతికి రెండోసారి వెయ్యలేదు. ఈలోగా ధరలు పెరిగాయి, వేరే కోపాలు చేరాయి.

మే 6, సోమవారం

అనకాపల్లిలో మోదీ సభ. మన పార్లమెంటు అభ్యర్థి బీజేపీ నుంచి సి.ఎం. రమేష్. ఊళ్లోంచి బస్సులు వెళ్లాయి. వెళ్లొచ్చినవాళ్లు ఎండ గురించి చెప్పినంతగా ఉపన్యాసం గురించి చెప్పలేదు.

ఇక్కడ అసెంబ్లీకి మళ్లీ ఆ ఇద్దరే. టీడీపీ నుంచి కె.ఎస్.ఎన్.ఎస్. రాజు, వైసీపీ నుంచి కరణం ధర్మశ్రీ. 2014లో ఆయన గెలిచాడు, 2019లో ఈయన. మనుషులు మారకుండా ఫలితం అటూ ఇటూ మారుతోందంటే, మా నియోజకవర్గంలో ఓటు పడేది అభ్యర్థికి కాదని చెప్పడానికి వేరే పరిశోధన అక్కర్లేదు.

మే 9

భూమి హక్కు చట్టం గురించి ఊళ్లో భయం చూస్తున్నాను. చట్టం చదివినవాడు ఒక్కడూ లేడు. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ మాత్రం అందరూ చూశారు. "తాత సంపాదించిన భూమి మీద ఆయన ఫొటో ఏటండీ?" ఎకరం ఉన్నవాడూ అదే అంటున్నాడు, పది సెంట్లున్నవాడూ అదే అంటున్నాడు. ఇంతవరకు ఎవరి భూమీ పోలేదు. అయినా ఏడాదికి 13,500 రైతు భరోసా తీసుకున్న ఇంట్లోనే ఈ భయం ఎక్కువ వినపడుతోంది.

క్లాసులో 1930ల జర్మనీ పాఠం చెప్పేవాణ్ని. నాజీలకి 1928లో 2.6 శాతం ఓట్లు. 1932 జూలైలో 37.3. అప్పటికి నిరుద్యోగులు అరవై లక్షల దాకా ఉన్నారు. కాబట్టి పని పోయినవాళ్లే హిట్లర్‌కి ఓటేశారని పిల్లలు పరీక్షలో రాసేవారు. తర్వాతి పరిశోధనలు వేరుగా చెప్పాయి. పని పోయినవాళ్లు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీల వైపు వెళ్లినవాళ్లలో చిన్న దుకాణదారులు, సొంత భూమి ఉన్న రైతులు ఎక్కువ. ఉన్నది పోతుందేమోనన్న బెంగ వాళ్లది. మన ఎన్నికలకీ ఆ జర్మనీకీ పోలిక తేవడం లేదు, తెస్తే తప్పు. ఓటరు మనసులో భయం బరువెంతో చూడమంటున్నాను.

మే 12, ఆదివారం, రాత్రి

డబ్బు కవర్లు తిరుగుతున్నాయి. రెండు వైపులవాళ్లూ ఇచ్చారని, రెండూ తీసుకున్నానని, ఓటు మాత్రం తన ఇష్టమని మా పాలవాడు దాపరికం లేకుండా చెప్పాడు.

మే 13, సోమవారం

ఆరున్నరకే క్యూ. హైదరాబాద్ నుంచి బస్సు దొరక్క లారీ ఎక్కి వచ్చానన్న కుర్రాడు నా ముందు నిలబడ్డాడు. ఇంజనీరింగ్ చదివి అక్కడ ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. వెనకాల ముగ్గురు ఆడపిల్లలు, అచ్యుతాపురం సెజ్‌లో కుట్టు పని. కంపెనీ బస్సు కోసం రోజూ చీకటితో లేస్తారట. ఇవాళ సెలవు.

క్యూలో విన్నవన్నీ బతుకు సంగతులే. ఇసుక దొరక్క మేస్త్రీ పనులు పోయిన రోజులు. క్వార్టరు ధర, ఎన్నడూ పేరు వినని బ్రాండు. బీఎన్ రోడ్డు. "బటన్ నొక్కితే డబ్బులు పడతాయి గాని రోడ్డు పడదు కదన్నా" అన్నాడు ఆ కుర్రాడు. 1994లో సారా వద్దని ఆడవాళ్లు ప్రభుత్వాన్ని దించారు. ఇప్పుడు మందు ఖరీదని మగవాళ్లు దించేలా ఉన్నారు. రాష్ట్రమంతా 81 శాతం దాటి పోలయిందని తర్వాత తేలింది.

జూన్ 4, మంగళవారం

కూటమికి 164. వైసీపీకి 11. మా దగ్గర రాజు గెలిచాడు. అసెంబ్లీకి అవే చిహ్నాలు, అవే ముఖాలు. అయిదేళ్ల కిందట 151 ఇచ్చిన జనమే.

టీవీలో ఒకాయన, "అన్ని లక్షల కోట్లు పంచినా ఓటెయ్యలేదు, జనానికి విశ్వాసం లేదు" అని వాపోయాడు. నాకు ఒళ్లు మండింది. పంచింది వాళ్ల డబ్బే. పైగా నూటికి 39 మంది ఆ పార్టీకే వేశారు. అది తక్కువ కాదు. పథకాల ఓటు కరిగిపోలేదు. దాని పక్కన ఉద్యోగం, రోడ్డు, ధర, భూమి అన్న నాలుగు భయాలు నిలబడి ఎదుటివాళ్లందరినీ ఒక్కటి చేశాయి.

జూన్ 5

గాజువాక ఫలితం చూసి ఆగిపోయాను. రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీ, 95,235, టీడీపీ పల్లా శ్రీనివాసరావుది. ఉక్కు కార్మికుల నియోజకవర్గం అది. ఆ ఉక్కు ఫ్యాక్టరీ అమ్మాలని 2021 జనవరిలో తీర్మానించింది కేంద్రం. అక్కడ ఏలుతున్నది బీజేపీ. ఆ బీజేపీ పొత్తులో ఉన్న పార్టీకే అంత మెజారిటీ! అడ్డుకోలేకపోయారన్న కోపం రాష్ట్ర పాలకుల మీదికి తిరిగింది. దగ్గర్లో ఉన్నవాడే దొరుకుతాడు. ఢిల్లీ దూరం.

జూన్ 10, సోమవారం

మన లెక్కింపయిన రెండో రోజునే యూరోపియన్ పార్లమెంటుకి పోలింగ్ మొదలైంది, నిన్నటితో ముగిసింది. అక్కడ ఓటేసింది సగం మందికి కాస్త పైన. మన క్యూ చూసినవాడికి వింతే. ఫ్రాన్స్‌లో లెపెన్ పార్టీకి 31 శాతం. మాక్రాన్ రాత్రికి రాత్రే తన పార్లమెంటుని రద్దు చేశాడు.

ఫ్రాన్స్‌లో నిరుద్యోగం ఇప్పుడు ఏడున్నర శాతం దగ్గర ఉంది. వాళ్ల నలభై ఏళ్ల లెక్కలో అది మంచి అంకె. అయినా జనం కోపంగా ఉన్నారు. ఉద్యోగం పోవడం కొందరి బాధ, సరుకుల ధర అందరి బాధ. బజారుకెళ్లిన ప్రతిసారీ గుర్తొచ్చే బాధ. గ్రీసులో మాత్రం రెండూ కలిసొచ్చాయి. 2009లో 44 శాతం ఓట్లతో గెలిచిన పాసోక్, జీతాలూ పింఛన్లూ కోసి, 2012 మేలో 13కి, 2015 జనవరిలో అయిదు శాతం లోపుకి పడిపోయింది. పింఛను పెంచినవాడికి ఓటు గ్యారంటీ లేదు. కోసినవాడికి మాత్రం పతనం ఖాయం. ఈ రెండూ ఒకదానికొకటి సరితూగవు. రాజకీయులకి ఇది అన్యాయంగా తోచవచ్చు.

జూలై 1, సోమవారం

తెల్లారకుండానే సచివాలయం ఉద్యోగులు ఇంటింటికీ తిరిగారు. 4,000, మూడు నెలల పాత బాకీ 3,000, మొత్తం 7,000. మామ్మ చేతిలో అన్ని నోట్లు ఒకేసారి నేనెప్పుడూ చూడలేదు. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టింది, మనవణ్ని దగ్గరికి రానివ్వలేదు.

"ఇప్పుడెవరిచ్చారు మామ్మా?"

"చంద్రబాబిచ్చేడు" అంది, ఈసారి తడుముకోకుండా. మూడేళ్లాగి మళ్లీ అడగాలి.

జూలై 5, శుక్రవారం

బ్రిటన్‌లో పద్నాలుగేళ్ల కన్సర్వేటివ్ పాలన పోయింది. లేబర్‌కి 411 సీట్లు, ఓట్లు 34 శాతం కూడా లేవు. 2022 అక్టోబరులో వాళ్ల ద్రవ్యోల్బణం 11 శాతం దాటింది. దానికి నెల ముందు లిజ్ ట్రస్ పన్ను కోతల బడ్జెట్ పెట్టి ఇళ్ల అప్పుల వడ్డీలు ఎగబాకేలా చేసింది. వాయిదా కట్టేవాడు ఆ నెల మరిచిపోడు. ఎన్నికల నాటికి ధరల పెరుగుదల రెండు శాతానికి దిగినా ఎవరూ మెచ్చుకోలేదు. పెరగడం ఆగింది గాని, పెరిగినది దిగలేదుగా.

జూలై 30, మంగళవారం

గెలిచి నెల తిరక్కుండా అదే లేబర్ ప్రభుత్వం ముసలివాళ్ల చలికాలపు ఇంధన భత్యం మీద కత్తి పెట్టింది. 200 నుంచి 300 పౌండ్ల దాకా అందరికీ వచ్చేది, ఇకనుంచి బాగా పేదలకే. కోటి మంది దాకా కోల్పోతారట. ఖజానా ఖాళీ అన్నది ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ చెప్పే కారణం. అది నిజమే కావచ్చు. మామ్మ దగ్గర ఆ కారణం చెప్పి చూడమనండి.

మన దగ్గర భూమి హక్కు చట్టం రద్దు బిల్లు అసెంబ్లీలో గట్టెక్కింది. ఒక భయం తీరింది. ఇంక మిగిలినవి తీర్చాలి.

ఆగస్టు 18, ఆదివారం

వడ్డాది విద్యార్థి మళ్లీ వచ్చాడు. మిగిలిన సగం పొలంలో చెరకు ఉంచాలా, తీసెయ్యాలా అని అడగడానికి. ప్రభుత్వం మారింది కదా అన్నాను. "మారింది మాస్టారూ. ఎవుల్ని అడగాలో అదింకా తెలీలేదు" అన్నాడు. ఏ సలహా ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ధైర్యం లేదు.

ఈ డైరీ ఎవరైనా అభ్యర్థి చేతిలో పడితే ఒక్క మనవి. ఈసారి చోడవరం వచ్చినప్పుడు ఎంతిస్తారో తర్వాత చెప్పండి. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించే పూచీ ఎవరిదో, చెల్లించకపోతే మా రైతు ఎవరి తలుపు తట్టాలో, ఆ పేరూ హోదా ముందు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.